గిట్టలకూ కులం ఉంది

గోదావరి పొంగినప్పుడల్లా కోనసీమలో ముందు గట్టెక్కేది గేదె. ఎక్కాలి కూడా, దాంతో మాకేం పేచీ లేదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకల్లోంచి పాడిగొడ్లను ఏటిగట్టు మీదికి తోలుకొచ్చారు. వాటికి ఎండుగడ్డి కావాలని నాయకులు కూడా అడిగారు. మేకలకూ చోటు దొరికింది. మేం ఎరుకలోళ్లం పందుల్ని తోలుకొస్తే మాత్రం "ఇక్కడ మనుషులున్నారు, కనబట్టం లేదా?" అన్నారు. మేమెవరమో మరి!

1953, 1986, 2006 పెద్ద వరదలు ఆగస్టులో వచ్చాయి. ఇది జూలైలోనే వచ్చిపడింది. మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు 1950 నుంచి 2015 లోపు మూడింతలయ్యాయని పుణె శాస్త్రవేత్తలు 2017లో తేల్చి చెప్పారు. ఆ నీళ్లలో చాలా భాగం ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మోసుకొచ్చి మా గుడిసెల మీదే పోస్తాయి. వాతావరణం మారుతోందని సభల్లో మాట్లాడేవాళ్లు కొబ్బరి గురించి మాట్లాడతారు, వరి గురించి మాట్లాడతారు. పంది పేరెత్తడానికి నోరు రాదు.

ఎండాకాలం ఇంకో గోస. పందికి చెమట పట్టదు. గేదెకు పట్టేది కొంచెమే. రెంటికీ బురదే చలవ. ఆ బురద గుంటలూ బీళ్లూ రొయ్యల చెరువులైపోయాయి. గేదెకు కనీసం యజమాని దొడ్లో బోరు నీళ్లుంటాయి.

ఇక నష్టపరిహారం. కేంద్రం రాసుకున్న విపత్తు సాయం లెక్కలో పాడిగేదె చస్తే 37,500 రూపాయలు, పంది చస్తే 4,000. ధర తేడా ఉంటుంది, ఒప్పుకుంటాం. కానీ ఆ పద్దు పేరు చూడండి: సన్న, చిన్నకారు రైతులకు సాయం. సెంటు భూమి లేనివాడు ఏ రైతు కిందికొస్తాడు? వరదలో కొట్టుకుపోయిన పంది కళేబరాన్ని సముద్రంలోంచి తెచ్చి చూపించాలా?

ధవళేశ్వరం దగ్గరి లంకల్లో కృష్ణజింకలున్నాయి. మన రాష్ట్ర జంతువు. చట్టం దాన్ని వేటగాడి నుంచి కాపాడుతుంది, వరద నుంచి కాపాడదు. లంక మునిగితే జింకా ఈదాల్సిందే. గట్టెక్కితే కుక్కలు కాచుకుని ఉంటాయి. దానికీ మాకూ ఒకటే కొరత, మెరక.

అందుకే అడుగుతున్నాం. ప్రతి లంకలో దున్నకుండా, చెరువు తవ్వకుండా కాస్త మెరక నేల వదలండి. గట్టు మీద పందులకో మూల చూపండి. వరద రాకముందే పశువుల డాక్టరు మా గుడిసెల దగ్గరికీ వచ్చి పందుల్ని లెక్క రాసుకుని పోవాలి. గేదెల లెక్క రాయడానికి వస్తూనే ఉన్నాడుగా, దారి మా గుడిసెల ముందు నుంచే.