కవ్వముతో నీళ్లు కాగునా?



వైశాఖ శుద్ధ దశమికి మా బ్రహ్మంగారిమఠమున స్వామివారి ఆరాధన జరుగును. ఆ దినములలో ప్రతి యింటను చుట్టములు నిండుదురు, పొయ్యి చల్లారదు. ఒక ఆరాధననాడు మండుటెండవేళ పొయ్యి నొద్దనున్న మా తోడికోడలిని చూచి, ఆమె కుమారుడు, “అమ్మా! పెద్దలు అరణి మథించి అగ్నిని పుట్టించిరి గదా! పాలను కవ్వముతో గట్టిగా చిలికినచో కట్టెయు గ్యాసును లేకయే కాగవా?” అని యడిగెను. అందరును నవ్విరి. నాకా ప్రశ్న నవ్వి విడువదగినదిగా తోచలేదు.

మథనమను మాట రెంటికిని చెల్లును. యజ్ఞశాలలో జమ్మిపై మొలచిన రావికొయ్యతో చేసిన అరణిని మథింతురు. మన మింట పెరుగును మథింతుము. అచట నిప్పు, ఇచట వెన్న! అరణియందు పుట్టిన వేడి గోరంత తావున, ఎండిన కొయ్యపొడిలో నిలుచును. చల్లకుండలో పుట్టిన కొద్దిపాటి వేడి కుండెడు ద్రవమునకును పంచబడును. కుండ చెమ్మగిల్లి దానిని గాలికి విడుచును. త్రాటి రాపిడికి కాగునవి మన అరచేతులే.

అయినను రాపిడివలన వేడి పుట్టుట సత్యము. మిక్సీలో ఇడ్లీపిండి రుబ్బునప్పుడు చల్లని నీరు పోయుట అందులకే గదా! రంఫర్డు అను శాస్త్రజ్ఞుడు జర్మనీదేశపు మ్యూనిక్ నగరమున ఫిరంగిని తొలుచునప్పటి రాపిడితో, నిప్పు లేకయే, రెండున్నర గంటలలో నీటిని మరిగించి, ఆ వృత్తాంతమును 1798లో ప్రకటించెను. ఆ యంత్రమును త్రిప్పినవి గుఱ్ఱములు. అయితే నీళ్లు కాచుట కిది లాభమని ఆయన చెప్పలేదు. గుఱ్ఱము తిను మేతనే పొయ్యిలో పెట్టినచో అంతకంటె నెక్కువ వేడి వచ్చునని తానే వ్రాసెను.

పిమ్మట 1840 దాటిన సంవత్సరములలో, ఇంగ్లండునందలి జౌల్ అను నాతడు దిగుచున్న బరువులచేత నీటిలో తెడ్లను త్రిప్పించి, ఎంత పనికి ఎంత వేడియో కొలిచెను. ఆ లెక్కనుబట్టి మావారు పలకపై గుణించి చూపిరి. పావులీటరు నీటిని 30 డిగ్రీలనుండి 80 డిగ్రీలకు తెచ్చుటకు, 10 మీటర్ల లోతు నూతినుండి 10 లీటర్ల నీటిని 53 మారులు చేదినంత పని కావలెను. వేడి యేమాత్రమును జారిపోకున్నప్పటి మాట యిది. ఒక్క లోటా నీళ్లకు ఏబదిమూడు చేదలు!

కావున “ఇంధనము లేకయే” యను మాటలో మోసము కలదు. ఇంధనము లేకపోలేదు, అది ఇల్లాలి భుజబలము, ఆమె తిన్న రాగిసంగటి. కట్టెకు వెల కట్టుదురు, గ్యాసుబండకు వెల కట్టుదురు. ఆమె చేతికి మాత్రము వెల లేదని తలతురు. గుఱ్ఱపు మేతను సైతము లెక్కించిన ఆ శాస్త్రజ్ఞుని న్యాయబుద్ధి మన యిండ్ల కేల రాకూడదు?

ఊరక వచ్చు వేడి కావలెనన్న మన సీమలో ఎండకు కొరత లేదు. నల్లని మూతపాత్రలో నీరుపోసి పగలెల్ల ఎండ నుంచినచో సాయంకాలము స్నానమునకు వెచ్చని నీరు సిద్ధము. ఒకమారు కాచిన నీటిపాత్రను మూతపెట్టి పాత దుప్పటితో చుట్టియుంచినచో మరల పొయ్యి వెలిగించు పని తగ్గును.

ఆ బాలునిచేత పావుగంటసేపు కవ్వము పట్టించితిమి. పాలు కాగలేదు, వాని నొసట చెమట క్రమ్మెను. మరునాడు వాడు ఎవరును చెప్పకయే చేద తీసికొని నూతికడకు పోయెను. నా లెక్క ఫలించినదని సంతసించితిని.