రోడ్డు ఎత్తు పెంచి ఇల్లు పల్లమంటే ఎలా?





వానాకాలం వచ్చిందంటే మా పేటలో ఎవరికీ కంటి మీద కునుకుండదు. గంటసేపు గట్టిగా కురిస్తే చాలు, వీధిలో నీళ్లు గేటు దాటి ఇంట్లోకి వచ్చేస్తాయి. వచ్చేది వాన నీరొక్కటే అయితే కడుక్కుందుము. సైడు కాలవ మురుగంతా దాంతో కలిసి వస్తుంది, బాత్రూమ్ తూములోంచీ ఎగదన్నుతుంది. బియ్యం బస్తా మంచమెక్కుతుంది, ఫ్రిజ్ కింద ఇటుకలు చేరతాయి, నడవలేని పెద్దవాళ్లను పక్కవాళ్ల డాబా మీదికి మోసుకుపోవాలి. నీళ్లు పోయినా గోడల చెమ్మ సంక్రాంతి దాకా ఆరదు.

పురపాలక సంఘంలో ఫిర్యాదు చేస్తే ఎప్పుడూ ఒకటే జవాబు: "మీ ఇల్లు పల్లంలో ఉందండీ, మేమేం చెయ్యగలం?" ఈ మాటను నేను ఒప్పుకోను. 1994లో మేము ఇల్లు కట్టినప్పుడు ప్లాను ఆమోదించింది వాళ్లే. అప్పుడు రోడ్డు మీంచి మూడు మెట్లెక్కి వరండాలోకి వచ్చేవాళ్లం. తర్వాత పాత రోడ్డు తియ్యకుండా దాని మీదే సీసీ రోడ్డు పోశారు, కొన్నేళ్లకు దాని మీద ఇంకోటి. మెట్లన్నీ రోడ్డులో కలిసిపోయాయి. ఇవాళ రోడ్డు మీంచి ఒక మెట్టు దిగి ఇంట్లోకి వెళ్తున్నాం. ఇల్లు ఉన్నచోటే ఉంది, రోడ్డే పైకి లేచింది. పల్లం మేము కొనుక్కున్నది కాదు, టెండరు టెండరుకీ మాకు తెచ్చిపెట్టింది.

తారు రోడ్డయితే పై పొర గీకేసి, సీసీ అయితే పాతది పగలగొట్టి తీసేసి, అదే మట్టానికి కొత్తది వెయ్యాలి. ఇదేమీ కొత్త విద్య కాదు. ఇళ్ల మట్టం కంటే రోడ్డు పెరగకుండా పాత పొర తీశాకే కొత్తది వెయ్యాలని పొరుగున తమిళనాడు ప్రభుత్వం 2021లోనే ఆదేశించింది. ఖర్చు ఎక్కువవుతుందని ఇంజనీర్లంటారు. నిజమే, అవుతుంది. కానీ ఆ మిగిలిందనుకుంటున్న డబ్బు కట్టేది మేమే. పాడైన మోటార్లకు, ఉబ్బిన తలుపులకు, గడప ఎత్తు చేయించుకోవడానికి మా జేబుల్లోంచి పోతోంది. గడప ఎత్తు చేయించుకోలేని అద్దె ఇళ్లవాళ్లు సామాను సర్దుకుని వెళ్లిపోతున్నారు.

ఇక పూడికతీత. కాలవలోంచి తీసిన సిల్టును గట్టునే కుప్పపోసి వెళ్తారు. ట్రాక్టరు వచ్చేలోగా వాన వస్తే అదంతా మళ్లీ కాలవలోకే. ఫిర్యాదు ఇస్తే ఇంజనీరింగు వాళ్లు శానిటేషన్ విభాగం పనంటారు, శానిటేషన్ వాళ్లు ఇంజనీరింగు పనంటారు. సోమవారాల్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టాం. కాలవ మీద పలకలు ఊడ్చి, ఫొటో తీసి, 'పరిష్కరించాం' అని ముగించేశారు. ఆ వారమే మళ్లీ నీళ్లొచ్చాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు, కింది అంతస్తులో నీళ్లు చేరిన ఇంటికి ప్రభుత్వం 25,000 రూపాయలు ఇచ్చింది. ఇచ్చి మంచి పని చేసింది. అంటే ఇంట్లోకి నీళ్లొస్తే ఎంత నష్టమో ప్రభుత్వానికి తెలుసు. వార్తల్లోకెక్కని వీధుల్లో ఏటా జరిగే నష్టం మాత్రం ఏ లెక్కలోకీ రాదు. నేను పరిహారం అడగడం లేదు, నష్టమే జరగకుండా చూడమంటున్నాను.

పురపాలక కమిషనర్లందరికీ నా విన్నపం ఇది. పూర్తయిన రోడ్డు పాత మట్టం దాటకూడదన్న షరతు ప్రతి ఎస్టిమేటులో రాయండి, కొలిచి చూశాకే బిల్లు ఇవ్వండి. ఫిర్యాదు చేసిన ఇంటివాళ్ల సంతకం లేకుండా ఆ ఫిర్యాదును మూసెయ్యకండి. పాఠకులకు కూడా ఒక మాట: మీ వీధిలో కంకర దిగిన రోజే ఎస్టిమేటు చూపించమని అడగండి. చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. కాంక్రీటు పోశాక అడిగితే వినేవాళ్లుండరు.

– ఒక పాఠకురాలు, కోస్తా ఆంధ్ర