చెన్నపట్నం వరదలు – మన ఇళ్ల స్థలాల ప్రశ్న



రాబోయే సర్వసభ్య సమావేశంలో చెన్నపట్నం శివారున నేతవారి కాలనీకోసం స్థలం కొనే తీర్మానం చర్చకు రానున్నది. ధర చౌక అనీ, బస్సు సౌకర్యం ఉన్నదనీ, ప్రతి సభ్యుడూ ఇల్లు కట్టుకొని దాని వెనుకనే మగ్గం వేసుకోవచ్చుననీ చెప్పుతున్నారు. ఈ ప్రయత్నానికి పూనుకొన్న పెద్దల సదుద్దేశాన్ని నేను శంకించను. అద్దె యిళ్లలో మగ్గం మోసుకొని వీధి వీధి తిరిగిన కుటుంబాల బాధ నాకు తెలుసు. కాని ఆ స్థలాన్ని నేను రెండుసార్లు చూచి వచ్చాను. వేసవిలో చూచినప్పుడు అది చక్కని మైదానం. కార్తికమాసంలో చూచినప్పుడు అది మోకాలిలోతు నీరు.

దగ్గరలో గట్టుమీద మేకలు కాస్తున్న ఒక అవ్వను అడిగాను. "అయ్యా, ఇది ఏరి నిండి పొరలితే నీళ్లు వచ్చి కూర్చునే చోటు. మా మామగారి నాటినుంచీ ఇక్కడ ఎవ్వరూ గోడ లేపలేదు" అన్నది. ధర యెందుకు చౌకో నాకు అప్పుడు బోధపడింది. కనుక తీర్మానానికి చేయి యెత్తే ముందు మన పట్నంలో వరద యెందుకు వస్తున్నదో సభ్యులందరూ ఆలోచించాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

వరద వచ్చినప్పుడు అందరికీ ఇల్లు మునుగుతుంది. మనకు ఇంటికంటె ముందు గుంట మునుగుతుంది. గుంట మగ్గం వేసినవారికి వాన సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. వీధిలో నీరు కనబడకముందే కాళ్లకింద తొక్కుడు కర్రలు తడుస్తాయి. 2015 డిసెంబరు మొదటి రోజు రాత్రి మా యింట అదే జరిగింది. పిల్లలను మేడమీదికి చేర్చి దిగివచ్చేసరికి గుంట నిండి పడుగుదాకా నీరు వచ్చింది. గంజి వదిలిపోయింది. నీరు తీసిన తరువాత పోగు పోగుకూ బూజు పట్టింది. చీర పోయినందుకు కాదు, ఆ పడుగు మళ్లీ వేసి మగ్గం నడిచేవరకు పోయిన కూలికి మేము ఏడ్చాము. సహాయపు సొమ్ము రేషను కార్డు లెక్కన వచ్చింది. అది కొంత ఆదుకొన్నమాట నిజమే. కాని కార్డు లెక్కకు ఇల్లు కనబడుతుంది గాని మగ్గం కనబడదు.

వాన ఎక్కువైనందున వరద వచ్చినదని చాలామంది అంటారు. 2015 నవంబరులో చెన్నపట్నంలో 1,049 మిల్లీమీటర్ల వాన కురిసింది. అది చిన్న వాన కాదు. కాని 1918 నవంబరులో 1,088 మిల్లీమీటర్లు కురిసినదని లెక్కలు చెప్పుతున్నవి. అంటే ఈ ఆకాశం మనకు కొత్త కాదు. 1943లో కూవం పొంగింది. 1976లో, 1985లో, 2005లో, 2015లో, 2021లో, 2023లో పట్నం మునిగింది. 2005 తరువాత ఈ సంవత్సరాల నడుమ యెడం ఎట్లా తగ్గుతూ వచ్చిందో చూడండి. సముద్రం వేడెక్కి, కొద్ది గంటలలోనే కుండపోతగా కురిసే వానలు ఎక్కువగుతున్నవని శాస్త్రజ్ఞులు చెప్పేమాట నిజమే. అట్టి వానలు పెరిగే కాలంలో నీటికి చోటు పెంచవలసింది పోయి, మనం తగ్గిస్తూ వచ్చాము.

నీటిదగ్గర కాపురం ఉండడం మన వృత్తికి కొత్త కాదు. 1734లో కుంఫిణీవారు నూలు వడికేవారికి, నేతగాండ్రకు, అద్దకంవారికి కూవం వంపులో ఒక పేట కట్టించి ఇచ్చారు. అదే చింతాద్రిపేట. చిన్న తరి పేట, అంటే చిన్న మగ్గాల పేట అనే మాటనుండి ఆ పేరు వచ్చినదని చెప్పుతారు. బట్ట ఉతికి చలువచేసేవారి పేర వాషర్‌మన్‌పేట ఉన్నది. నీరు లేనిదే నూలు తడవదు, రంగు ఎక్కదు, బట్ట తెల్లబడదు. కాని నీటికి దగ్గరగా ఉండడం వేరు, నీరు పడుకొనే చోట పక్క వేయడం వేరు.

ఇందులో మనవారి పేరుకూడా ముడిపడి ఉన్నది. సర్ పిట్టి త్యాగరాయ శెట్టిగారు దేవాంగ కులస్థులు, తెలుగువారు, నేతశాల నడిపినవారు, ఎగిరే నాడెను ప్రోత్సహించినవారు, చెన్నపట్నం కార్పొరేషనుకు అధ్యక్షత వహించినవారు. వారి పేర 1920లలో వెలసిన త్యాగరాయనగరం నేడు దక్షిణదేశానికంతటికీ బట్టల బజారు. మనం నేసిన చీర అమ్ముడుపోయేది అక్కడనే. కాని ఆ నగరం కట్టింది పెద్ద చెరువును ఎండగట్టిన నేలమీద. పడమటి మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు ఇప్పటికీ ఉన్నది. చెరువు మాత్రం లేదు. ఆనాటివారిని నిందించుటకు ఈ మాట చెప్పడంలేదు. పట్నం పెరుగుతున్నది, ఇళ్లు కావలసివచ్చినవి, కట్టారు. కాని కాగితంమీద చెరువును కొట్టివేసినంతమాత్రాన నీరు తన పాత చిరునామా మరచిపోదు. 2021లో దీపావళి నవంబరు 4న జరిగింది. మూడురోజులు గడవకముందే, ఒక్క రాత్రిలో సుమారు 21 సెంటీమీటర్ల వాన పడి త్యాగరాయనగరం వీధులు మునిగినవి. మన సరుకు అమ్ముడుపోయే పండుగ రోజులూ, ఈశాన్య ఋతుపవనమూ ఒకేసారి వస్తాయన్నది నేతవాడు ఎన్నడూ మరువరాదు.

దక్షిణాన పళ్లికరణై చిత్తడినేల ఒకప్పుడు అయిదువేల హెక్టార్లకు పైగా ఉండేది. చుట్టుపక్కల చెరువుల మిగులునీరంతా అక్కడికి చేరి, నెమ్మదిగా సముద్రానికి దిగేది. దానిలో మిగిలింది కొద్దిభాగమే. తక్కిన దానిలో రోడ్లు, మేడలు, ఊరి చెత్తగుట్ట వెలసినవి. మన తాతల నాటి పడవలకు దారియైన బకింగ్‌హాం కాలువ సంగతి చూడండి. కోస్తా సరుకు ఆ కాలువమీదనే పట్నం చేరేది. అది పడవల దారియే గాక కూవాన్నీ అడయారునూ కలిపి వాననీటిని పంచే దారికూడాను. 1995లో నడవడం మొదలుపెట్టిన ఎత్తు రైలుదారికి స్తంభాలు ఆ కాలువ గర్భంలోనే దింపారు. రైలు వలన మేలు లేదని నేను అనను. ఒక దారి వేయడానికి మరొక దారిని ఇరుకు చేశామని మాత్రం ఒప్పుకొనక తప్పదు.

2015లో చెంబరంబాక్కం చెరువునుండి సెకనుకు 29,000 ఘనపుటడుగుల నీరు వదలిన సంగతి అందరికీ తెలుసు. ఆ నీటిని ఎప్పుడు, ఎంత వదలవలసింది అనే తగాదా చాలాకాలం సాగింది. 2018లో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక ఆ వరదను మనుష్యులు చేసిన విపత్తుగా పేర్కొన్నది. తలుపు తీసే వేళ ముఖ్యమే. కాని తలుపు అవతల ఏటికి వెడల్పు లేకపోతే ఏ వేళ తీసినా ఒకరి ఇల్లు మునగక మానదు.

ఇక మురుగుకాలువల విషయం. 2021 తరువాత ప్రభుత్వంవారు చాలా వీధులలో కొత్త వాననీటి కాలువలు వేశారు. మామూలు వానలకు అనేకచోట్ల నీరు త్వరగా దిగిన మాట వాస్తవం. మేలును మేలు అనవలెను. కాని 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను పట్నం దగ్గర మెల్లగా కదలి, తరువాత బాపట్లవద్ద తీరం దాటింది. ఆ రెండురోజులు వేళచ్చేరిలోనూ, పళ్లికరణైలోనూ, ఉత్తర మద్రాసులోనూ జనం మెడలోతు కష్టంలో ఉన్నారు. ఎందువల్ల? కాలువ నీటిని మాయం చేయదు, ఒకచోటినుండి మరొకచోటికి తోస్తుంది. పట్నం నేల చాలామట్టుకు సముద్రమట్టానికి కొద్ది మీటర్లే ఎత్తు. పోటు వచ్చి, ఏటి మూతివద్ద ఇసుక మేటవేసి, సముద్రం నీటిని పుచ్చుకొననప్పుడు అది ఎక్కడ నిలవాలి? నిలువ ఉంచే చెరువు లేకపోతే మన యింటిలో నిలుస్తుంది.

ఈ చెరువులే ఉంటే వేసవిలోనూ ఆదుకొనేవి. 2019 వేసవిలో పట్నానికి నీరిచ్చే చెరువులు దాదాపు ఎండిపోయినవి. జూలైలో జోలార్‌పేటనుండి రైలుపెట్టెలలో నీరు తెచ్చారు. కృష్ణానది నీటినుండి ఈ పట్నానికి తలా 5 టి.ఎం.సి. ఇచ్చుటకు 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ ఒప్పుకొన్నవి. ఆ మూడు రాష్ట్రాలలోనూ మన సంఘీయులు ఉన్నారు. వందల మైళ్ల దూరాన ఉన్న రైతు తన వాటా వదులుకొని పంపిన నీటిని త్రాగుతూ, మన పెరట్లో పడిన వానను సముద్రంపాలు చేయడం న్యాయమా?

దీనికి కొందరు సభ్యులు చెప్పే సమాధానం నాకు తెలుసు. "ధనవంతులు చెరువులలో అంతస్తుల మేడలు కట్టుకొన్నారు. బీదవాడు ఒక చిన్న ఇల్లు కట్టుకొంటే మీకు అభ్యంతరమా?" అంటారు. ఈ ప్రశ్నలో బాధ ఉన్నది, న్యాయమూ ఉన్నది. ఆక్రమణలు తొలగించేటప్పుడు ఏటిగట్టు గుడిసెలమీదికి ముందు వస్తారు; పెద్ద కట్టడాలు కోర్టు వ్యాజ్యాలలో ఏళ్లతరబడి నిలుస్తాయి. గట్టునుండి లేపినవారిని సెమ్మంచేరికి, పెరుంబాక్కానికి పంపితే, ఆ చోట్లుకూడా వానకాలంలో నీరు నిలిచేవే అయినవి. ఈ అన్యాయాన్ని మన సంఘం ఎలుగెత్తి చెప్పవలెను. కాని ఎదుటివాడు చేసిన తప్పులో మనకు వాటా కోరడం న్యాయం కాదు. పై అంతస్తువాడు వరదనాడు కిటికీలోనుండి చూస్తాడు; గుంట మగ్గంవాడు నీటిలో నిలబడతాడు. చౌక స్థలం కొన్నవాడు మిగిలిన ధరను ప్రతి కార్తికంలోనూ వాయిదాలమీద చెల్లిస్తాడు. అంతేకాదు, మనం ఎత్తుచేసి కట్టుకొంటే ఆ నీరు పక్క గ్రామంలోని మరొక బీదవాని గడపలోకి పోతుంది.

మన తప్పులు కూడా చెప్పుకొందాము. అద్దకపు నీళ్లు, గంజి మడ్డి, నూలు చిక్కులు, పాలిథీను సంచులు వీధికాలువలోకి తోసినవారిలో మనవారు లేరా? కాలువ పూడికను ఒక్క కార్పొరేషనువారే తీయాలని కూర్చున్నవారిలో మనం లేమా? చెరువుకింద రైతులు ఏటేటా తలా ఒక చెయ్యి వేసి కట్టలు, కాలువలు బాగుచేసుకొనే కుడిమరామత్తు ఒకప్పుడు ఊరూరా ఉండేది. పడుగులో పోగు తెగితే నేతవాడు వెంటనే మగ్గం ఆపి అతుకుతాడు. తరువాత చూడవచ్చునని నేస్తూపోతే గుడ్డ చెడుతుందని వానికి తెలుసు. నీటిదారి తెగినచోటకూడా ఆ బుద్ధి మనకు కలగాలి.

కాబట్టి సర్వసభ్య సమావేశం ముందు నా సూచనలు ఇవి. మొదటిది, ఇప్పుడు చూచిన స్థలం కొనుగోలును ఆపవలెను. ఏ స్థలం చూచినా పాత గ్రామపటం తెప్పించి, అది ఏరి పొరంబోకా, వాగు పొరంబోకా, చెరువు మిగులునీరు పారే దారియా అని విచారించి, వానకాలంలో కమిటీవారు స్వయంగా చూచిన తరువాతనే బయానా ఇవ్వవలెను. అమ్మేవారు చూపే అనుమతి కాగితం ఒక్కటే చాలదు. రెండవది, మెరక స్థలానికి ధర ఎక్కువైతే, కాలనీ ఇళ్ల సంఖ్య తగ్గించి అయినా మెరకనే కొనవలెను; లోటు పూడ్చుటకు సహకార గృహనిర్మాణ ఋణాలకు అర్జీ పెట్టవలెను. మూడవది, భాద్రపదమాసంలో, వానలకు ముందు, ప్రతి పేటలోని సభ్యులు ఇరుగుపొరుగువారితో కలిసి తమ వీధికాలువను చివరిదాకా నడిచి చూచి, అడ్డంకులను వ్రాసి కార్పొరేషనువారికి ఇవ్వవలెను. నాలుగవది, వరద సహాయంలో మగ్గాన్ని, తడిసిన పడుగును, పోయిన పనిదినాలను వేరుగా లెక్కగట్టాలని, ఏటిగట్టు కుటుంబాలను పల్లంలోకి పంపరాదని ప్రభుత్వానికి మహజరు సమర్పించవలెను.

ఇంతలో ఎవరికివారు చేసుకోదగినవి ఉన్నవి. పల్లపు వీధులలో ఉన్నవారు వీలైతే గుంట మగ్గం మాని ఎత్తు అరుగుమీద చట్టం మగ్గం వేసుకొనండి. నూలు, జరీ, నేసిన చీరలు నేలమీద ఉంచక గోడ పలకలమీద ఉంచండి. ఆశ్వయుజం రాగానే సరుకు జాబితా వ్రాసి, ఫొటోలు తీసి, భీమా కాగితాలతో కలిపి మేడమీద దాచండి. పెద్ద వాన వార్త వినగానే పడుగు చుట్టి పైకెత్తండి.

స్థలానికి ఇదివరకే చందా కట్టిన సోదరులకు నామీద కోపం రావచ్చును. వారిని కోరేది ఒక్కటే. ఈ కార్తికంలో ఒక ఆదివారం నాతో కూడా రండి. బస్సు ఖర్చు నేను పెట్టుకొంటాను. ఆ నేలపై నిలబడి, నీరు మీ మోకాలికి ఎంతదాకా వచ్చినదో చూచుకొని, అప్పుడు మీ ఓటు వేయండి.