ప్రకృతి ముచ్చట్లు: జానెడు మన్ను

పిల్లలూ! మీ ఇంటి వసారాలోనో, బడిలోనో నేలమీద నీలిరంగు బండలు పరిచి ఉన్నాయేమో చూడండి. ఉంటే అవి తాండూరు బండలే కావచ్చు. ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం వాటిమీద చాప కూడా లేకుండా పడుకుంటే ఎంత హాయిగా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

తాండూరు వికారాబాదు జిల్లాలో ఉన్నది. చేపలూ చెట్లూ ఇంకా పుట్టని కాలంలో అక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున సున్నపు బురద పొరమీద పొరగా పేరుకుని, గట్టిపడి రాయి అయింది. అందుకే ఆ రాయి పుస్తకంలో కాగితాలలాగా పొరలు పొరలుగా విడివడుతుంది. దానికోసం అక్కడ నేలను తవ్వుతారు. సిమెంటు చెయ్యటానికి కూడా సున్నపురాయి తవ్వుతారు.

మరి ఆ రాతిమీద ఏమున్నది? నల్లరేగడి మన్ను ఉన్నది. అందులో పండే తాండూరు కందులకు పెద్ద పేరు. 2022లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అంటే, వేరే చోట పండిన కందులను తాండూరు కందులని చెప్పి అమ్మరాదన్నమాట.

చూశారా చిక్కు! అడుగున పేరున్న రాయి, పైన పేరున్న పంట. రాయి కావాలంటే మన్ను తీయక తప్పదు.

తీసిన మన్ను ఏమవుతుంది? తొందరలో మన్నునూ, పనికిరాని రాతిముక్కలనూ కలగలిపి పక్కన పోస్తే, మన్ను కాస్తా రాళ్ళ అడుగున పడిపోతుంది. రాయి తీయటం అయిపోయాక ఒక గుంటా, ఒక గుట్టా మిగులుతాయి. గుంటలో వాననీరు నిలుస్తుంది. గుట్టమీద ముళ్ళకంప మొలిస్తే అదే గొప్ప. కందిచేను మాత్రం మళ్ళీ కనిపించదు.

"మన్నే కదా! ఇంకెక్కడినుంచైనా తెచ్చి పొయ్యరాదా?" అని మీరు అడగవచ్చు. అసలు సంగతి అక్కడే ఉన్నది. నేలలో మన్నంతా ఒకటి కాదు. పైనున్న జానెడు మన్నులోనే జీవం ఎక్కువ. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండలున్నాయి. మూసీనది పుట్టేది అక్కడే. ఆ అడవిలో రాలిన ఆకులను కాస్త పక్కకు తీసి చూస్తే, కింద సగం కుళ్ళిన ఆకులూ, తెల్లని బూజు దారాలూ, పురుగులూ కనిపిస్తాయి. కంటికి కనిపించని సూక్ష్మజీవులు చిటికెడు మన్నులోనే కోట్ల కొద్దీ ఉంటాయి. ఇవన్నీ కలిసి ఆకును ఎరువు చేస్తాయి. ఇలా ఒక్క అంగుళం మంచి మన్ను తయారుకావాలంటే వందల ఏళ్ళు పడుతుంది!

నమ్మకం కలగటం లేదా? అయితే మీరే పరీక్ష చేసి చూడండి. రెండు కుండీలు తీసుకోండి. ఒకదానిలో పెరటి పైమన్ను నింపండి. రెండవదానిలో, పెద్దవాళ్ళ సాయంతో రెండు మూడు అడుగుల లోతునుంచి తవ్విన మన్ను నింపండి. రెండింటిలోనూ ఐదేసి పెసరగింజలు నాటి, సమంగా నీళ్ళు పొయ్యండి. మొదటి వారం రెండూ ఒకేలా ఉండవచ్చు. గింజలో దాచుకున్న తిండితో మొక్క కొన్నాళ్ళు బతుకుతుంది. నెల గడిచాక కొలిచి చూడండి.

గని తవ్వేవారు కూడా ఈ తేడాను గుర్తు పెట్టుకోవాలి. అన్నిటికన్నా ముందు పైమన్నును వేరుగా తీసి దాచాలి. దాన్ని మరీ ఎత్తుగా పొయ్యకూడదు. ఏళ్ళ తరబడి ఉంచకూడదు. లోపల గాలి ఆడక అందులోని జీవాలు చచ్చిపోతాయి. రాయి తీయటం అయ్యాక గుంటలో అడుగున పెద్దరాళ్ళు, వాటిమీద చిన్నరాళ్ళు, ఆపైన లోతుమన్ను, చిట్టచివర పైమన్ను పరచాలి. అంటే, విప్పిన పొరలను మళ్ళీ వరసలోనే పెట్టాలన్నమాట.

తరవాత మొదట చల్లవలసినవి జనుము, జీలుగ, పిల్లిపెసర. వీటి వేళ్ళకు చిన్న చిన్న బుడిపెలుంటాయి. ఆ బుడిపెలలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయి. పూత సమయంలో ఈ పైరును నేలలో కలియదున్నితే మన్నుకు బలం వస్తుంది. మన కంది కూడా ఈ కుటుంబానిదే! రాళ్ళు మిగిలిన చోట వేప, కానుగ, సీతాఫలం వంటి మొండి చెట్లు నాటవచ్చు.

బొగ్గు గనులలోనూ ఇదే సమస్య. గోదావరి లోయలో రామగుండం, మణుగూరు వంటి చోట్ల సింగరేణి సంస్థ నేలను పైనుంచి తవ్వి బొగ్గు తీస్తుంది. అప్పుడు తీసి పోసిన మట్టీ రాయీ పెద్ద కొండలవుతాయి. వాటిమీద ఆ సంస్థ మొక్కలు నాటిస్తున్నది. బొగ్గుకోసం నేలను తవ్వేవారు పైమన్నును వేరుగా దాచి మళ్ళీ పరచాలని అమెరికాలో 1977లో చట్టం చేశారు. మన దేశంలో సిమెంటు రాయి వంటివి తీసే గనులకు 1988 నాటి నియమాలలోనూ, వాటి స్థానంలో 2017లో వచ్చిన నియమాలలోనూ ఈ మాటే ఉన్నది. నియమం కాగితం మీద ఉంటే చాలదు. మన్ను తీసే మొదటి రోజునే దాన్ని పాటించాలి. రాళ్ళలో కలిసిపోయిన మన్నును తరవాత ఎవరు ఏరగలరు?

ఒక్క హెచ్చరిక: పాత గనుల గుంటలలో నీళ్ళు నిలిచి, చూడటానికి చెరువులాగా ఉంటాయి. చెరువుకు గట్టు వాలుగా ఉంటుంది. గని గుంట అంచు గోడలాగా నిలువుగా ఉండి, దిగినవాళ్ళకు పైకెక్కే దారి ఉండదు. ఈత వచ్చినవాళ్ళు కూడా అక్కడికి పోరాదు.

మీ రెండు కుండీలలో మొక్కలు ఎంతెంత పెరిగాయో కొలిచి మాకు ఉత్తరం రాస్తారు కదూ?