పాత లారీకి ఉరుకుడు కంటే ముందు ఆగుడు నేర్పాలె

పత్తి ఏరుడు మొదలైందంటే మన ఉట్నూర్ దిక్కు ఒక ముచ్చట మళ్లా లేస్తది. "పాత టాటా లారీ అగ్గువకు దొరికింది, ఇంజన్ మంచిగనే ఉన్నది, గాని యాభై దాటుతలేదు. వెనక హౌజింగ్‌ల క్రౌన్ పినియన్ మారిస్తే ఉరుకుతదట" అని. ఉరుకుతది, అబద్ధం కాదు. కాని ఆ పని చేయొద్దనేదే నా మాట. ఎందుకో లెక్కతోటి చెప్త, ఓపికగ చదవండి.

ఆ బండి నెమ్మదిగ పోవుడు దాని లోపం కాదు. 1954ల టాటా వాళ్లు జర్మనీ బెంజ్ కంపెనీతోటి కలిసి లారీలు చేసుడు షురూ చేసిన్రు. ఆ పొత్తు 1969 దాకా నడిచింది. అప్పటి రోడ్లు ఇరుకు, గతుకులు. అందుకే స్పీడు చూడలే, లోడు గుంజుడు చూసి గేర్లు పెట్టిన్రు.

ఇగ లెక్క. పినియన్‌కు 6 పండ్లు, క్రౌన్‌కు 41 పండ్లు ఉన్నయనుకోండి. షాఫ్ట్ 6.83 సుట్లు తిరిగితే చక్రం ఒక్క సుట్టు తిరుగుతది. 7 పండ్ల పినియన్ వేస్తే 5.86 సుట్లకే తిరుగుతది. ఇంజన్ అంతే తిరిగినా, 48 మీద పోయే బండి 56 మీద పోతది. మేస్త్రి ఇక్కడిదాకనే చెప్తడు. మిగతాది వినండి.

ఒకటి, క్రౌన్ మారిస్తే టాప్ గేరు ఒక్కటే మారదు. ఫస్ట్ గేరు నుంచి రివర్స్ దాకా అన్నీ మారుతయి. చక్రం కాడ గుంజుడు ఏడింట ఒక వంతు తగ్గుతది. నల్లరేగడి చేన్ల నుంచి లోడుతోటి రోడ్డెక్కాల్నంటే క్లచ్ మాడుతది.

రెండు, గుట్ట దిగేటప్పుడు చిన్న గేరే మనకు సగం బ్రేకు. ఆ ఇంజన్ పట్టు కూడా అంతే తగ్గుతది. అప్పుడు భారమంత డ్రమ్ముల మీద పడుతది. డ్రమ్ములు కాగితే పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు.

మూడు, 48 మీద పోయే బండిని ఆపుడు 100 పాళ్ల పని అనుకుంటే, 56 మీద అది 136 పాళ్లు. స్పీడు పెరిగిందానికి రెట్టింపు కంటే ఎక్కువ. బ్రేకులేమో పాతయే.

నాలుగు, మీటరుకు తీగ గేర్ బాక్సు నుంచి వచ్చే బండ్లల్ల, మీరు 56 మీద ఉన్నా అది 48 అనే చూపిస్తది.

ఇంత చేసి మిగిలేదెంత? ఇంద్రవెల్లి, గుడిహత్నూర్ మీదుగ ఆదిలాబాద్ మార్కెట్ 60 కిలోమీటర్లు అనుకుందాం. తొవ్వ పొడుగూత 48 మీద పోతే 75 నిమిషాలు, 56 మీద పోతే 64. మిగిలింది 11 నిమిషాలు. ఊర్లు, మూలమలుపులు, పశువులు తీసేస్తే అది కూడా మిగలదు. యార్డుల తేమ చూసి, కాంటా అయ్యేదాక ఎన్ని గంటలు నిలబడుతమో మీకు తెల్వదా? టైము పోయేది అక్కడ, రోడ్డు మీద కాదు.

పత్తి తేలికే కాని ఎత్తు ఎక్కువ, మూల మీద బండి ఒరుగుతది. నాగోబా జాతర దినాల్ల కేస్లాపూర్ తొవ్వ నిండ ఎడ్ల బండ్లు, పిల్లల తల్లులు. మన లారీ ముందట ఉండేది వాళ్లే. ఖాళీ బండి మీద ట్రయల్ చూసి మురవకండి.

లారీ నిజంగ స్పీడు కావాల్నంటే వరుస ఇది: ముందు బ్రేకు లైనర్లు, డ్రమ్ములు, స్టీరింగ్ ఆట, టైర్లు. ఆ తర్వాతనే గేర్లు. అప్పుడు కూడా క్రౌన్ ముట్టకుండ, ఓవర్‌డ్రైవ్ ఉన్న అయిదు గేర్ల బాక్సు ఆ బండికి కుదురుతదేమో అడగండి. దాంట్ల కింది గేరు గుట్టకు పనికొచ్చేటట్టు ఉండాలె, పై గేరు ఒక్కటే సాఫు రోడ్డుకు. షాఫ్ట్ బ్యాలెన్స్, జాయింట్లు కూడా చూపియ్యాలె. అంత ఖర్చు బరువైతే బండిని 48 మీదనే నడుపుండి, ఒక గంట ముందు బయలుదేరండి. మన దిక్కు తొవ్వలకు ఆ స్పీడు సరిపోతది.