గమ్ ఎప్పుడు మానేస్తావని అడక్కండి

సిగరెట్ మానేద్దామని నికోటిన్ గమ్ నములుతున్నవాడికి ఇంట్లో ముందు ఎదురయ్యేది మెచ్చుకోలు కాదు, దెప్పిపొడుపు: "అది మాని దీనికి అలవాటు పడ్డావా?" మనిషిని కట్టిపడేసేది నికోటినే అయినా, ఊపిరితిత్తుల్ని గుల్ల చేసేది పొగలోని తారు, ఇతర విషాలు. గమ్‌లో అవి లేవు. జలాంతర్గాముల్లో పొగ తాగే వీల్లేని నావికులు నమిలే పొగాకుతో సరిపెట్టుకుంటున్నారని విన్నాకే స్వీడన్ శాస్త్రవేత్త ఊవే ఫెర్నో 1960ల చివర్లో ఈ గమ్ తయారీకి పూనుకున్నాడు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్సను అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. మన ఇళ్లల్లో మాత్రం అదింకా దొంగచాటు తిండే! దాంతో వాడే పద్ధతి చెప్పే నాథుడుండడు. మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలేసి, ఎక్కిళ్లు, కడుపులో మంట అంటూ పారేస్తారు. నెమ్మదిగా నమిలి, నోరు చురుక్కుమనగానే చెంపకీ చిగురుకీ మధ్య నొక్కిపెట్టాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. కాఫీ తాగిన వెంటనే వేసుకుంటే నికోటిన్ సరిగా ఒంటికి పట్టదు. ఇక ఆత్మీయుల వంతు: టీ బడ్డీ దగ్గరికి తోడు పిలవకపోవడం, తొలివారాల చిరాకును మనసులో పెట్టుకోకపోవడం, మధ్యలో ఒక్కటి కాల్చాడని తెలిస్తే పంచాయితీ పెట్టకపోవడం. సాధారణంగా 8 నుంచి 12 వారాలు వాడాల్సిన మందు ఇది. మూడో వారానికే "ఇంకా ఎందుకు?" అని మాన్పించేవాళ్లు, తెలియకుండానే అతణ్ని మళ్లీ కిళ్లీకొట్టు దారి పట్టిస్తున్నారు. అంత ఆత్రం ఉంటే, సిగరెట్ పెట్టె మీదే అచ్చయిన, పొగాకు మానడానికి సాయపడే 1800-11-2356 నంబరుకు అతని చేత ఫోన్ చేయించొచ్చు.