చేరినదే సందేశం

ఇంటర్మీడియట్‌లో గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలు అభ్యసిస్తున్న విద్యార్థులలో ఎక్కువమంది దృష్టి ఇంజనీరింగ్ విద్య మీదనే ఉంటుంది. ఏ కళాశాలలో సీటు వస్తుంది, ఏ శాఖను ఎంచుకోవాలి, ఏ శాఖకు ఉద్యోగావకాశాలు అధికం అనే ప్రశ్నలు ఇంటింటా వినిపిస్తాయి. ఆ నాలుగు సంవత్సరాలలో అసలు ఏమి చదువుతారు, అది ఎందుకు చదవాలి అనే ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. చేరవలసిన ఊరి పేరు తెలిసి, వెళ్లే దారి తెలియని బాటసారి స్థితి ఇది. ఆ దారిలో ఎదురయ్యే మూడు విషయాలను గురించి ఇక్కడ ఆలోచిద్దాం. అవి సమాచార ప్రసారం, అనుసంధానం, నిర్వహణ. ఇంజనీరింగ్ కళాశాలల వాడుకలో వీటినే కమ్యూనికేషన్స్, నెట్‌వర్కింగ్, మేనేజ్‌మెంట్ అంటారు.

మన తెలుగు రాష్ట్రాలలోని సాంకేతిక విద్యాసంస్థల పాఠ్యప్రణాళికలను పరిశీలిస్తే, ఎలక్ట్రానిక్స్ శాఖ విద్యార్థులు సాధారణంగా అనలాగ్ కమ్యూనికేషన్స్, డిజిటల్ కమ్యూనికేషన్స్, కంప్యూటర్ నెట్‌వర్క్స్ చదువుతారు. వాటితోపాటు ఆంగ్ల భాషా ప్రయోగశాల, మేనేజ్‌మెంట్‌కు సంబంధించిన ఒకటి రెండు పేపర్లు కూడ ఉంటాయి. విద్యార్థిలోకం వీటిలో మొదటివాటిని అసలైన సబ్జెక్టులుగా గౌరవిస్తుంది. తక్కినవాటిని పరీక్షకు ముందు రాత్రి చదివి గట్టెక్కవలసిన పేపర్లుగా చూస్తుంది. ఈ విభజన సరైనది కాదని నా అభిప్రాయం. ఈ మూడింటి వెనుక ఉన్న ప్రశ్న ఒక్కటే. ఒకరి వద్ద ఉన్న విషయం మరొకరికి చెక్కుచెదరకుండా చేరడం ఎట్లా? చేరిన తరువాత దానిని అనుసరించి జరగవలసిన పని జరిగేట్లు చూడడం ఎట్లా? ఈ ప్రశ్నను ముక్కలు చేసి ఒక ముక్కను మాత్రమే నేర్చుకొన్న ఇంజనీరు చదువు అసంపూర్ణం.

మొదట సమాచార ప్రసారాన్ని చూద్దాం. మనం టెలిఫోనులో మాట్లాడినప్పుడు కంఠధ్వని విద్యుత్ సంకేతంగా మారుతుంది. డిజిటల్ టెలిఫోను విధానంలో ఆ సంకేతాన్ని సెకనుకు 8,000 పర్యాయాలు కొలిచి, ప్రతి కొలతను 8 బిట్లతో సూచించడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. అంటే సెకనులో పలికిన మాట 64,000 బిట్లుగా ప్రయాణిస్తుంది. దారిలో దానికి రొద తోడవుతుంది. ఎంత రొదలోనైనా ఒక మార్గం గుండా ఎంత సమాచారాన్ని దోషరహితంగా పంపగలమో లెక్క కట్టవచ్చునని అమెరికా శాస్త్రవేత్త క్లాడ్ షానన్ 1948లో ప్రకటించిన సిద్ధాంతంలో నిరూపించారు. నేటి సెల్‌ఫోను మొదలు అంతరిక్ష నౌకల వరకు అన్నింటికీ ఆ సిద్ధాంతమే ఆధారం.

అయితే ఆ సిద్ధాంతంలో విద్యార్థులు గమనించవలసిన విశేషం మరొకటి ఉంది. సందేశానికి ఉన్న అర్థంతో ఇంజనీరింగ్ సమస్యకు సంబంధం లేదని షానన్ ఆరంభంలోనే స్పష్టం చేశారు. ఉత్తరాన్ని చేరవేసే తపాలా ఉద్యోగి అందులోని శుభాశుభాలను పట్టించుకోనట్లే, ఈ సిద్ధాంతం కూడ బిట్లను లెక్కిస్తుందే తప్ప భావాన్ని తూచదు. అది లోపం కాదు. అర్థాన్ని పక్కన పెట్టడం వల్లనే మాటకు, పాటకు, చిత్రానికి ఒకే కొలమానం సాధ్యమయింది. కాని శాస్త్రం పక్కన పెట్టిన అర్థాన్ని ఎవరో ఒకరు తిరిగి అందుకోవాలి కదా! ఆ బాధ్యత ఇంజనీరుదే. ఆ బాధ్యతను నేర్పవలసినవి భాష, నిర్వహణ శాస్త్రం.

ఇక అనుసంధానం. 1969 అక్టోబరు 29న కాలిఫోర్నియాలోని రెండు పరిశోధనా కేంద్రాల కంప్యూటర్ల మధ్య తొలి సందేశం పంపడానికి ప్రయత్నించారు. 'లాగిన్' అనే ఆంగ్లపదంలోని మొదటి రెండు అక్షరాలు చేరేసరికి అవతలి యంత్రం స్తంభించింది. నేటి ఇంటర్నెట్ ఆరంభం ఆ సగం మాటతోనే జరిగింది. 1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ వేరువేరు నెట్‌వర్కులు పరస్పరం మాట్లాడుకొనేందుకు కావలసిన నియమావళిని ప్రతిపాదించారు. దాని ఆధారంగా రూపొందిన విధానానికి 1983 జనవరి 1న ఆనాటి అర్పానెట్ మారింది.

ఈ నియమావళినే ప్రోటోకాల్ అంటారు. సందేశాన్ని చిన్నచిన్న పొట్లాలుగా విడదీసి, ప్రతిదానికీ వరుస సంఖ్య వేసి పంపుతారు. పంపడానికి ముందు ఇరుపక్షాలూ పరస్పరం పలకరించుకొని సంసిద్ధతను తెలుపుకొంటాయి. అందిన భాగానికి అందినట్లు జవాబు రావాలి. నిర్ణీత సమయంలో జవాబు రాకపోతే, పంపిన యంత్రం ఆ భాగాన్ని మళ్లీ పంపుతుంది. జవాబు వచ్చేవరకు తన వద్ద ఉన్న ప్రతిని పారవేయదు. 'నేను పంపాను, నా పని అయిపోయింది' అనే మాటకు ఈ విధానంలో తావు లేదు. అందిందని తెలిసినప్పుడే పంపినట్లు లెక్క. యంత్రాలకు మనిషి నేర్పిన ఈ మర్యాదను మనుషులమైన మనం ఎంతవరకు పాటిస్తున్నాము?

సాహిత్య విద్యార్థులకు ఇక్కడ సుందరకాండ స్ఫురించక మానదు. ప్రాచీనులకు కంప్యూటర్ నెట్‌వర్కులు తెలుసునని చెప్పడం నా ఉద్దేశం కాదు. సందేశాన్ని నమ్మకంగా చేర్చవలసిన చిక్కు మాత్రం వారికీ ఉంది. అశోకవనంలో సీతను చూసిన హనుమంతుడు వెంటనే మాట్లాడలేదు. పండితుని వలె సంస్కృతంలో మాట్లాడితే తనను మారువేషంలో వచ్చిన రావణుడని భ్రమించి ఆమె భయపడుతుందేమోనని ఆలోచించాడు. వినేవారికి భయం కలిగించని భాషను ఎంచుకొన్నాడు. మొదట రామకథను వినిపించాడు. రాముడు పంపినవాడనని నిరూపించడానికి అంగుళీయకాన్ని అందించాడు. తాను సీతను కలిసినట్లు రాముడు విశ్వసించడానికి ఆమె ఇచ్చిన చూడామణిని తీసుకొని వెళ్లాడు. వినేవారి స్థితిని గ్రహించడం, పంపినవారెవరో నిరూపించడం, అందినట్లు ఆనవాలు తేవడం అనే మూడు దూతధర్మాలూ అందులో ఉన్నాయి.

మూడవది నిర్వహణ. మేనేజ్‌మెంట్ అంటే పై అధికారి కింది ఉద్యోగికి ఆజ్ఞ ఇవ్వడమని చాలామంది భావిస్తారు. నిర్వహణకు 14 సూత్రాలను చెప్పిన హెన్రీ ఫేయోల్ ఫ్రాన్సు దేశపు గనుల ఇంజనీరు. ఆయన గ్రంథం 1916లో వెలువడింది. అధికార శ్రేణి ఉండాలని చెప్పిన ఆయనే, అత్యవసరమైనప్పుడు రెండు విభాగాలలోని సమస్థాయి ఉద్యోగులు పై అధికారుల ఎరుకతో నేరుగా మాట్లాడుకొనేందుకు ఒక వంతెన ఉండాలని కూడ చెప్పారు. ప్రతి మాటా మెట్లెక్కి, మెట్లు దిగి చేరేలోపల పుణ్యకాలం గడిచిపోతుందని ఆయన అనుభవం. కనుక నిర్వహణలోనూ ప్రధాన సమస్య సందేశం సరైన వ్యక్తికి సకాలంలో చేరడమే.

ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా ఎంత నష్టం జరుగుతుందో తెలిపే ఉదాహరణలు రెండు ఉన్నాయి. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1998 డిసెంబరులో కుజగ్రహానికి 'మార్స్ క్లైమేట్ ఆర్బిటర్' అనే నౌకను పంపింది. 1999 సెప్టెంబరు 23న అది గమ్యం వద్ద నాశనమయింది. నౌకకు సంబంధించిన గణనలను ఒక బృందం పౌండు-సెకన్లలో ఇవ్వగా, మరొక బృందం వాటిని న్యూటను-సెకన్లుగా స్వీకరించింది. అంకెలు సక్రమంగానే చేరాయి. అర్థం చేరలేదు. బృందాల మధ్య సమాచార వినిమయం క్రమబద్ధంగా లేకపోవడం కూడ ఒక కారణమని విచారణలో తేలింది. భౌతికశాస్త్రం పరీక్షలో జవాబు పక్కన ప్రమాణం రాయనందుకు మార్కు తగ్గించే అధ్యాపకుణ్ణి నిందించే విద్యార్థులు ఈ సంఘటనను గుర్తుంచుకోవాలి.

రెండవది మరింత విషాదకరమైనది. 1986 జనవరి 28న 'ఛాలెంజర్' అంతరిక్ష నౌక బయలుదేరిన 73 సెకన్లకే ధ్వంసమై, అందులోని ఏడుగురూ మరణించారు. రాకెట్ అతుకుల వద్ద ఉండే రబ్బరు వలయాలు తీవ్రమైన చలిలో బిగుసుకుపోయి సరిగా పనిచేయకపోవచ్చునని, ప్రయోగాన్ని ఆపమని, ఆ రాకెట్లను తయారుచేసిన సంస్థకు చెందిన ఇంజనీర్లు ముందురోజు రాత్రి టెలిఫోను సమావేశంలో చెప్పారు. వేల మైళ్ల దూరాన ఉన్న కేంద్రాల మధ్య ఆ మాటలను తంతులు చక్కగానే చేరవేశాయి. అయినా ఆ సంస్థ నిర్వాహకులే ఇంజనీర్ల సలహాను తోసిపుచ్చి ప్రయోగానికి అంగీకారం తెలిపారు. తుది నిర్ణయం తీసుకొనే ఉన్నతాధికారులకు ఆ అభ్యంతరం సంగతే తెలియలేదని విచారణ సంఘం నిర్ధారించింది. ప్రసారం విఫలం కాలేదు, అనుసంధానం తెగలేదు. నిర్వహణ విఫలమయింది. అది గట్టెక్కవలసిన పేపరు మాత్రమే అని ఇక ఎవరు అనగలరు?

మూడూ కలిసి పనిచేస్తే ఎంత మేలు జరుగుతుందో చెప్పే ఉదాహరణ మన దేశంలోనే ఉంది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఉపగ్రహం ద్వారా గ్రామాలకు దూరదర్శన్ పాఠాలను అందించే ప్రయోగం జరిగింది. దానిని 'సైట్' అని వ్యవహరిస్తారు. విక్రమ్ సారాభాయ్ కన్న కల అది. అహ్మదాబాదులో యశ్‌పాల్ వంటి శాస్త్రవేత్తలు దానిని కార్యరూపంలోకి తెచ్చారు. నాసా ఉపగ్రహం నుండి వచ్చే సంకేతాలను తీగెవలతో చేసిన యాంటెన్నాలు నేరుగా గ్రామంలోనే గ్రహించాయి. ఆనాటి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలు అందులో పాలుపంచుకొన్నాయి. మన గ్రామాలకు తెలుగులో కార్యక్రమాలు అందాయి. చెడిపోయిన సెట్టును బాగుచేసే ఏర్పాటు, చూసినవారికి ఏమి అర్థమయిందో తెలుసుకొనే పరిశీలన కూడ ప్రణాళికలో భాగమయ్యాయి. ఉపగ్రహం పనిచేయడంతోనే విజయం సాధించామని ఆ శాస్త్రవేత్తలు అనుకోలేదు. గ్రామస్థునికి అర్థమయిందా లేదా అన్నదే వారికి గీటురాయి.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది. ఉద్యోగ నియామకాలలో అడిగేది ఆంగ్లంలో తడబడకుండా మాట్లాడడం గురించే కదా, తక్కిన చర్చ ఎందుకు అని కొందరు అడుగుతారు. ఆంగ్లం అవసరమే. శాస్త్ర గ్రంథాలు, అంతర్జాతీయ వ్యవహారాలు ఆ భాషలో ఉన్నప్పుడు దానిని శ్రద్ధగా నేర్చుకోవాలి. కాని ధారాళంగా మాట్లాడడం వేరు, విషయాన్ని చేర్చడం వేరు. ఆలోచనలో స్పష్టత లేనివాని మాట ఏ భాషలోనైనా రొదగానే మిగులుతుంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పల్లెటూరి విద్యార్థి ఆంగ్ల ఉచ్చారణ కుదరక తనకు కమ్యూనికేషన్ రాదని కుంగిపోవడం నేను తరగతి గదిలో ఎన్నోసార్లు గమనించాను. అతనికి రానిది ఒక భాష మాత్రమే. విషయాన్ని క్రమంగా చెప్పే శక్తి మాతృభాషలో సంపాదించినవారు దానిని మరొక భాషలోనికి తీసుకొని వెళ్లగలరు. ఆ శక్తి ఏ భాషలోనూ లేనివారికి ఉచ్చారణ ఎంత చక్కగా ఉన్నా ప్రయోజనం స్వల్పం.

ఇంజనీరింగ్ కళాశాలలకు ఒక సూచన. చివరి సంవత్సరంలో విద్యార్థులు సమర్పించే ప్రాజెక్టును పరీక్షించే సమయంలో, ఆ శాఖతో పరిచయం లేని వ్యక్తిని ఒకరిని కూర్చోబెట్టాలి. ఐదు నిమిషాలలో ఆ వ్యక్తికి తెలిసిన భాషలో ప్రాజెక్టును వివరించమనాలి. విన్న వ్యక్తి తనకు అర్థమయినది తిరిగి చెప్పాలి. సరిగా చెప్పగలిగితేనే సందేశం చేరినట్లు భావించి మార్కులు వేయాలి. దీనికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. ఓపిక ఉంటే చాలు.

ఈ అభ్యాసానికి ఇంజనీరింగ్ కళాశాలలో చేరేవరకు ఆగవలసిన పని కూడ లేదు. ఈ రోజు తరగతిలో విన్న భౌతికశాస్త్ర సూత్రాన్ని సాయంత్రం ఇంటికి వెళ్లి అమ్మకో, తమ్మునికో తెలుగులో చెప్పి చూడండి. వారు అడిగే ప్రశ్నలే మీ అవగాహనలోని లోపాలను చూపుతాయి. వారికి అర్థంకాకపోతే వారిని తప్పుపట్టకండి. మాట మార్చి, ఉదాహరణ మార్చి మళ్లీ చెప్పండి. రేపు మీరు నిర్మించబోయే వంతెన మీద నడిచేవారు, మీరు రాయబోయే ప్రోగ్రాము మీద ఆధారపడేవారు ఇటువంటివారే. వారికి మీ మాట చేరిందో లేదో అడిగి తెలుసుకొనే అలవాటును ఇప్పటినుండే అలవరచుకోండి.